చెవిలో కనిపించిన దెబ్బ

మాది నరసాపురం. పక్కింటి చేపల వ్యాపారి, పిలిస్తే పలకడం లేదని భార్య సత్యవతిని గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఆమెకు వినపడటం లేదేమోనని నిరుడు నేనే ఆరోగ్య కార్యకర్తను పిలిపించాను. ఆ కార్యకర్త ఫోన్‌కు తగిలించిన చిన్న కెమెరాను సత్యవతి చెవిలో పెడితే, రాజమండ్రి నుంచి డాక్టరమ్మ వీడియోలో చూస్తున్నారు.

అంతలో సత్యవతి మొగుడు వచ్చాడు. "దీనికి చెవుడేంటండీ, ఒట్టి పొగరు" అంటూ మా కళ్లముందే ఆమె చెంప పగలగొట్టాడు. కెమెరా ఎగిరిపడింది. సత్యవతి పెదవి చిట్లి నెత్తురు కారింది.

"కర్ణభేరి చిరిగిపోయి ఉందయ్యా. నువ్వు కొట్టిన దెబ్బలకే ఆమెకి వినపడట్లేదు" అన్నారు ఫోన్‌లోంచి డాక్టరమ్మ.

"ఏమన్నారండీ?" అని సత్యవతి నన్నే అడిగింది.

వీధంతా వినేలా అరిచి చెప్పాను. ఆ పూటే ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. నాది గయ్యాళి నోరంటారు. అననివ్వండి.