పోచవ్వ తోలు చెప్పిన సాక్ష్యం

నేను మోస్తున్న బరువు ఏ తూకానికీ రాదు. చూపుడువేలంత గాజు గొట్టంలో అడుగున నిలిచే రంగునీళ్లు, అంతే. వాటిని నా చేతులతోనే మోరీలో పారబోశాను. ఆ నీళ్లు ఇన్నేళ్లుగా బరువెక్కుతూనే ఉన్నాయి.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకు చెప్పబోతే ఏమైందో తర్వాత రాస్తాను. ఒక్కటే మనవి. మధ్యలో ఆపి, అందరం పాపులమే కదా అని నన్ను ఓదార్చకండి. ఆ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

కరీంనగర్ పోయే రోడ్డు పక్కన ఒక మిషను దవాఖానలో నేను పరీక్షల గదిలో పని చేసేవాణ్ణి. పెద్దరోగం వచ్చినవాళ్ల దవాఖాన అది. కాగితాల మీద కుష్ఠు అని రాసేవాళ్లం గాని రోగులు ఆ మాట నోట రానిచ్చేవారు కాదు. కొత్త మాత్రలు వచ్చిన రోజులు. ఏళ్ల తరబడి మింగితే మచ్చలు మానేవి. మాననివాళ్లతోనే చిక్కు. మందు తోలు దాకా చేరినా పని చేయడం లేదా, లేక మనిషి మింగడమే లేదా? ఒళ్లు కాలుతుందని భయపడి కొందరు మాత్రను దవడన దాచి, బయటికి పోయి ఉమ్మేవారు.

అది తేల్చడానికి మా డాక్టరమ్మ నాకొక పరీక్ష నేర్పింది. ఆమె పరదేశం నుంచి వచ్చిన దొరసాని. మచ్చ మీది నుంచి బియ్యపు గింజంత తోలు తీసి, నూరి, ఆమ్లం వేసి వడగట్టాలి. ఆ తేటలో మూడు ద్రావకాలు వరసగా కలపాలి. తోలులో మందు ఉంటే గులాబీ రంగు వస్తుంది. ఎంత మందుంటే అంత ముదురు. రంగు కట్టేదాకా గొట్టం బరఫ్‌లో ఉండాలి. మా ఎండల్లో ఆ మంచుగడ్డ తప్పితే రంగు నిలవదు. "రంగు చచ్చిపోతది" అనేది ఆమె, వచ్చీరాని తెలుగులో. ఆ బరఫ్ పెద్దపల్లి స్టేషన్‌లో దిగి, పొట్టు నింపిన గోనెసంచిలో బస్సు మీద మాకు వచ్చేది.

నాకన్నా చదువుకున్నవాడు ఉండగా ఆమె ఈ పని నాకెందుకు ఇచ్చింది? ప్రార్థనాపరుడు అబద్ధమాడడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నన్ను అంత తేలిగ్గా ఎలా నమ్మింది?

పోచవ్వ మందమర్రి నుంచి వచ్చింది. పెనిమిటికి బొగ్గుబాయిలో పని. ఇంట్లో చిన్న పిల్లలు. మచ్చలు మానితేనే గడప తొక్కనిస్తామని అత్త చెప్పి పంపింది. నోరున్న మనిషి. అందరి మచ్చలూ వెలిసిపోతుంటే ఆమెవి మాత్రం అలాగే ఉన్నాయి. మాత్ర ఉమ్మేస్తున్నదని వార్డులో ఆడవాళ్లు అన్నారు. మా దగ్గర మంచాలు తక్కువ, గేటు బయట కాచుకున్నవాళ్లు ఎక్కువ. మింగనివాళ్లను పంపించేయడం నియమం.

ఆమె తోలు తీసింది నేనే. కత్తి తగిలినా చెయ్యి కదపలేదు. "నా మాట నమ్మకుంటె నమ్మకపోండ్రి అయ్యా. నా తోలే సాక్ష్యం చెప్తది, తియ్యి" అన్నది. ప్రతి ఆదివారం మిషను గుడిలో, దేవుడు చేసిన మేలు చెబుతూ మేమిచ్చే సాక్ష్యాలు విని ఆ మాట పట్టుకుంది.

ఆ వారమే మా సంఘంలో ఎండాకాలపు కూటాలు. పందిరి వేశారు. దూరం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. నిప్పులు చెరిగే ఎండ. పెద్ద గంగాళంలో షర్బత్ కలిపారు గాని అది కాగిన నీళ్లలా ఉంది. ఎవరో నా వైపు చూశారు. నిజంగా చూశారా? ఎవరూ చూడలేదేమో. నేనే లేచి, పరీక్షల గదిలో పొట్టులో దాచిన బరఫ్ గడ్డ తెచ్చి గంగాళంలో వేశాను. దేవుని పనికే కదా అనుకున్నాను. పరీక్షల గదిలో ఉన్నదీ దేవుని పనేనని నాకెందుకు తోచలేదు? వాక్యం అంత చదివిన తలకు ఈ చిన్న సంగతి ఎందుకు ఎక్కలేదు? పాస్టరయ్య పందిట్లో నా పేరు చెప్పి అందరిచేత స్తోత్రం చెప్పించాడు. నేనూ తాగాను. అంత కమ్మటి షర్బత్ మళ్లీ ఎన్నడూ తాగలేదు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం కుండనీళ్లలో గొట్టం నిలబెట్టి పరీక్ష చేశాను. తేటలో సగం వాడి, సగం మూతపెట్టి ఉంచాను. అది పద్ధతి. రంగు రాలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి రాలేదని చెప్పాను. బరఫ్ లేదని చెప్పలేదు. మర్నాటి బస్సుకు పోచవ్వను పంపేయమన్నది. అక్కడిదాకా దాన్ని పొరపాటు అనుకోవచ్చు. అక్కడే ఆగి ఉంటే ఈ కాగితం ఉండేది కాదు.

పొద్దున కరీంనగర్ పోయే బస్సు కొత్త బరఫ్ దించిపోయింది. మధ్యాహ్నం అదే బస్సు వెనక్కి వచ్చి పోచవ్వను పెద్దపల్లి రైలుకు తీసుకుపోతుంది. మనసు ఊరుకోక, మిగిలిన తేట తీసి మళ్లీ పరీక్ష చేశాను. రంగు వచ్చింది. లేత గులాబీ కూడా కాదు, దానిమ్మ గింజంత ముదురు. ఆ మనిషి ఇచ్చిన మాత్ర ఇచ్చినట్టు మింగింది. మందు తోలు దాకా చేరుతున్నది. మచ్చ మానకపోవడానికి కారణం వేరే ఏదో ఉంది. డాక్టరమ్మ దాన్ని వెతికి ఉండేది, వేరే మందు చూసి ఉండేది.

కిటికీలోంచి గేటు కనబడుతున్నది. మూట మీద కూర్చుని ఉంది పోచవ్వ. బస్సు ఇంకా రాలేదు. నేను కేకవేస్తే ఆమెకు వినబడేది.

వెయ్యలేదు. నిన్న రంగు ఎందుకు రాలేదని డాక్టరమ్మ అడుగుతుంది. బరఫ్ ఏదంటుంది. షర్బత్ సంగతి వస్తుంది, పందిట్లో నా పేరున చెప్పిన స్తోత్రం వస్తుంది, ఆ సాయంత్రం అదే పందిట్లో నేను సాక్ష్యం ఇవ్వవలసి ఉంది. ఒక ఆడమనిషి బతుకు ఒక పక్క, నాలుగు మెప్పుకోలు మాటలు ఒక పక్క. ఎంత నీచమైన తూకం! గొట్టం మోరీలో వంచాను. కడిగి బోర్లించాను. అప్పుడు గేటు దగ్గరికి నడిచాను. ఎందుకు పోయాను? ఆమె నన్ను తిడితే నా ఉడుకు చల్లారుతుందనా? ఇప్పటికీ తెలియదు.

నన్ను చూసి లేచింది.

"అయ్యా, మల్లొక్కపారి చూసినవా?"

"చూసిన."

"వచ్చిందా మరి రంగు?"

"రాలే."

తోలు తీసిన చోట కట్టిన కట్టు వైపు చూసుకుంది. తర్వాత నవ్వింది.

"గట్లనా. ఇన్నొద్దులు మీ గుడిల కూసున్నది గద, నా తోలు గూడ అవద్దమాడ నేర్సింది."

నీ కోసం ప్రార్థన చేస్తానన్నాను. ఆ నోటితోనే అన్నాను.

"జెయ్యయ్యా. గదానికైన రంగొస్తదేమొ సూద్దాం" అని మూట ఎత్తుకుంది. బస్సు వచ్చింది.

సాయంత్రం సాక్ష్యం ఇచ్చాను. బాగా వచ్చిందన్నారు.

ఆ తర్వాత చెప్పడానికి ప్రయత్నించలేదా? ప్రయత్నించాను. డాక్టరమ్మ తన దేశం పోయేటప్పుడు వీడ్కోలు సభలో నా నిజాయితీ గురించి మాట్లాడింది. నోరు అక్కడే పడిపోయింది. ఒకసారి పాస్టరయ్య ఇంటికి పోయి, ఆ కూటాల్లో వేసిన బరఫ్‌తో ఒక పాపం ముడిపడి ఉందని మొదలుపెట్టాను. ఆయన పకపకా నవ్వి, ఆ షర్బత్ తనకింకా గుర్తుందన్నాడు. మనమందరం పాపులమేనన్నాడు. ఇంత దీనమనసు ఉన్నవాడు సంఘపెద్దగా ఉండాలన్నాడు. ఉంచాడు కూడా! పూర్తిగా వినే ఓపిక ఒక్కడికీ లేదు. నాకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, ఆగండి, వినండి అనే ధైర్యం ఉందా? లేదు. పెద్దరికం పుచ్చుకుని ఇంటికి వచ్చాను.

కొన్నేళ్లకు సంఘం పని మీద మందమర్రి పోయాను. కార్మికుల ఇళ్ల వరసలో అడిగితే ఒక ముసలమ్మ చెప్పింది. పోచవ్వ ఉన్నదట. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంటున్నదట. వేళ్లు వంకరపోయాయట. దగ్గరలోనే ఉచితంగా మాత్రలు ఇస్తున్నారు గాని తీసుకోదట. నా పెయ్యికి మందు వడదు, దవాఖానల తోలు గోసి చూసిండ్రు అని అందరికీ చెబుతుందట.

అన్నేళ్లూ నేను వేరేగా అనుకున్నాను. ఆమెకు నా అబద్ధం తెలిసిపోయిందని, నన్ను శపించి ఉంటుందని, ఆ శాపమైనా నాకు తగిన కూలి అని. ఆమె శపించలేదు. నన్ను నమ్మింది. మాత్ర దిగిన గొంతు తనదే అయినా, తప్పు తన ఒంటిదేనని నా మాట నమ్మింది.

కొట్టం వెనకాలే ఉంది. నేను పోలేదు. అది రెండోసారి.

ప్రతి ఆదివారం మోకరించి ఒప్పుకోలు చెబుతాం. చేయరానివి చేశామంటాం. చేశాం, చేశాం, అన్నీ బహువచనాలే. సంఘమంతా కలిసి పాపులం కావడం ఎంత సులువు! నూరు గొంతుల కింద నా గొంతు దాచుకుని, లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని వస్తున్నాను. దేవునికి అన్నీ తెలుసని నాకు తెలుసు. కాని పోచవ్వకు తెలియదు. ఆమెకు తెలియనిదాన్ని ఆయన ఎలా కొట్టేస్తాడు?

మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతిలో లేదు. ఏకవచనంలో ఒక్కసారి రాయాలనుకున్నాను, రాస్తున్నాను, ఊపిరి కొంచెం ఆడుతున్నది.

పోచవ్వ మాత్ర మింగింది. రంగు వచ్చింది. నేను చూశాను.