నల్లగుండు మీద దొంగపట్టు

సూరత్‌లోని ఖటోదరాలో మగ్గాలు బాగుచేసే పరుశురాంకు ఆదివారం అంటే గుండే. వ్యారా ఊరు దాటినంక గుట్టల నడుమ, తుప్పల్లో ఒంటరిగా నిలబడ్డ నల్లటి రాతిగుండు. తాడు లేదు, మేకు లేదు, ఉత్త చేతులతో ఎక్కడమే. పడితే కింద వేస్టు నూలు కుక్కిన పరుపు. ఈ పిచ్చి అంటించింది సురేశ్. ఇద్దరిదీ కోరుట్ల దిక్కే, సూరత్‌కు వచ్చిన కొత్తలో ఒకే గదిలో వండుకు తిన్నవాళ్లు.

సురేశ్ కుడిచేతి చూపుడువేలునూ నడిమివేలునూ మగ్గం సగానికి తినేసింది. అందుకే గుండు నడుమనున్న సన్నటి నెర్రె దగ్గర అతని పట్టు జారేది. ఎన్ని ఆదివారాలు పడ్డాడో. ఒకసారి పరుశురాం చూడలేక, ఉలితో జర లోతు చేద్దామన్నాడు. సురేశ్ నవ్వలేదు.

"గుండు మనకన్న ముందుసంది ఉన్నది పరుశూ. నా చెయ్యికి సరిపోయేటట్టు దాన్ని చెక్కితే, ఇగ నేను ఎక్కిందేంది?"

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు సురేశ్ పోయాడు. ఆసుపత్రి నుంచి మూటగట్టి నేరుగా శ్మశానానికే తీసుకుపోయారు. భార్య సమ్మక్కకు ముఖం కూడా చూపించలేదు. పరుశురాం గేటు బయట నిలబడి పొగ చూసి వచ్చాడు.

ఆ బాధను ఎటు మోసుకుపోవాలో తెలియక, ఒక ఆదివారం ఉలీ సుత్తె పట్టుకుని గుండు దగ్గరికి పోయాడు. నెర్రె పక్కన, రెండు పొట్టివేళ్లు ఒదిగేటంత గుంట తొలిచాడు. దోస్తు కోసమే అనుకున్నాడు. తొలుస్తున్నంతసేపూ ఆ తుప్పల్లో ఒక్క పిట్ట కూడా కూయలేదు.

మరుసటి వారం పోతే గుండు మీద తెల్లటి చేతిముద్రలు. చెమటకు జారకుండా ఎక్కేవాళ్లు రాసుకునే పొడి అది. ఎవరో పోరగాళ్లు వచ్చి ఉంటారనుకుని దగ్గరికి పోయాడు. కుడిచేతి ముద్రల్లో రెండు వేళ్లు సగమే ఉన్నాయి.

ముద్రలు వరసగా పైకి పోయి నెర్రె దగ్గర ఆగాయి. అక్కడ జారిన గీతలు, ఒకదాని మీద ఒకటి. పక్కనే, చెయ్యి చాపితే అందే గుంటలో మాత్రం పొడి నలుసైనా లేదు.

సమ్మక్క ఇంటికి పోయి సురేశ్ పొడిసంచి అడిగాడు. ఆమె తెచ్చి చూపింది. దాని మూతి ముడి ఎవరూ విప్పలేదు. జరిగిందంతా చెప్పుకున్నాడు. ఆమె సంచి వెనక్కి తీసుకుంది.

"ఆయన వద్దన్నది ఎందుకు చేసినవ్ అన్నా?"

గుంటను సిమెంటుతో పూడ్చేద్దామనుకున్నాడు. మళ్లీ ఆ రాయికి ఇంకోటి పూయడానికి మనసొప్పలేదు. ప్రతి ఆదివారం ముద్రలు కొత్తగా కనపడేవి, జారుడుగీతలు పెరిగేవి. గుంట నల్లగా, శుభ్రంగా ఉండేది.

వానలకు ముందు ఒక మధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. పరుశురాం గుంట దిక్కు చూడకుండా నెర్రెలో వేళ్లు బిగించాడు. చెవి పక్కనే ఎవరో పళ్లు కరుచుకుని ఊపిరి పీల్చిన చప్పుడు. తల తిప్పలేదు. ఆ ఊపిరి అతణ్ణి దాటి పైకి పోయింది. పైన రాతి మీద చెయ్యి చరిచినట్టు వినపడింది. పరుశురాం పట్టు వదిలి పరుపు మీద పడ్డాడు.

లేచి, గుండు వెనకనుంచి సులువైన దారిన పైకి పాకాడు. కొసన ఒకే ఒక్క ముద్ర ఉంది, రెండు వేళ్లు పొట్టివి. తాకలేదు. ఆ సాయంత్రం మొదటి వాన వచ్చి దాన్ని కడిగేదాకా పక్కనే కూర్చున్నాడు. తర్వాత ముద్రలు పడలేదు.

ఇప్పుడు గుండుకు కొత్తవాళ్లు వస్తున్నారు. అందరి చెయ్యీ ముందు ఆ గుంటలోకే పోతుంది. అది నేను తొలిచిన దొంగపట్టు, దాన్ని వదిలి ఎక్కండి అని పరుశురాం చెబుతాడు. కొందరు వింటారు. విననివాళ్లకు ఏమీ కాదు, హాయిగా పైకి పోయి, గుండు ఎక్కేశామనుకుని ఫొటోలు దిగుతారు. అతనికి అదే ఎక్కువ భయంగా ఉంటుంది.