కప్పల ఊడిగం

మోర్వాల్ కోటసీమలో ఊళ్ళు పదకొండు. పదకొండూళ్ళకూ కలిపి తలకాయ మాత్రం ఒక్కటే, అది కోటాధికారి గోషేది. పన్ను వేసేది ఆయనే, వసూలు చేసేది ఆయనే, ఎక్కువైందని ఎవరైనా మొరపెట్టుకుంటే విని తీర్పు చెప్పేదీ ఆయనే. ఇంత పనిలో ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడా అని ఎవరూ బెంగపెట్టుకోలేదు, తీర్పుల మధ్యలో బాగానే కునికేవాడు.

ఆ కోట కందకం పక్కనే ఒడెలీన్ ఇల్లు. గొర్రెలు కాసే ఇంట పుట్టి, తడికెలు అల్లేవాణ్ణి కట్టుకుని, నలభై ఏళ్ళకే అతణ్ణి మట్టికి అప్పగించింది. కూతుర్ని అత్తారింటికి పంపాక మిగిలింది గడ్డి కప్పిన ఇల్లు, వెనక కాస్త బీడు, రెండు మేకలు, ఎవరికీ తీసిపోని నోరు. నోరు అలాంటిదే గానీ మనసు మెత్తన. చివరికి కొంప మీదికి తెచ్చింది కూడా ఆ మనసే.

ఒక వసంతంలో కోటాధికారి భార్యకు జ్వరం తగిలింది. కందకంలో కప్పల గోలకు ఆవిడకు కంటి మీద కునుకు లేదని విని, ఒడెలీన్ పొడవాటి కర్ర పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. దొరసాని నిద్రపోయేదాకా నీళ్ళు చరిచి కప్పల నోరు మూయించింది. ఎవరూ అడగలేదు, పాపం అనుకుంది, అంతే. గోషే కూడా, పెళ్ళాం మీద ప్రేమో భయమో గానీ, గట్టున లాంతరు పట్టుకుని నిలబడేవాడు. పని అయ్యాక చెయ్యందించి ఆమెను గట్టెక్కించేవాడు. మరుసటి ఏడు జ్వరం తిరగబెట్టింది, ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మూడో ఏడూ అంతే.

మూడుసార్లు! ఒకసారి చేస్తే మర్యాద, రెండుసార్లు చేస్తే అలవాటు, మూడుసార్లు చేస్తే ఆచారమని ఆ సీమలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆచారమైందంటే ఇక మునిమనవలు కూడా చేసి తీరాల్సిందే. అందుకే తెలివైనవాడెవడూ కోటవాళ్ళను చూసి వరుసగా మూడుసార్లు నవ్వేవాడు కాదు. అంతా తెలిసిన ఒడెలీనే లెక్క మరిచిపోయింది.

లెక్క మరవనివాడు కోటలో ఒకడున్నాడు, గుమాస్తా పాయెన్. వేలు చూపిస్తే మండ మింగే రకం. నాలుగో వసంతానికి ఒడెలీన్‌కు అరవై నిండాయి, కీళ్ళు వాచి కందకంలోకి దిగలేదు. దొరసాని ఆ ఏడు నిక్షేపంగా ఉంది, కప్పలకే నిద్ర పట్టనంతగా గుర్రుపెడుతోంది. అయినా పాయెన్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఏమే ఒడెలీనూ, కప్పల ఊడిగం ఎగ్గొట్టావేం?"

"ఊడిగమేంట్రా? జాలిపడి చేశాను!"

"జాలో గీలో, మూడేళ్ళు చేశావుగా. నువ్వీ ఇంట్లో ఉంటున్నది ఆ ఊడిగం చేస్తున్నందుకే. చెయ్యనంటే ఇల్లూ బీడూ కోటవి. సోమవారం సభకు రా."

అతను వెళ్ళాక ఒడెలీన్ ఏడ్చింది. ఇల్లు పోతే తల దాచుకోను చోటు లేదన్న భయం ఒకటి, మంచికి పోతే ఇలా అయిందన్న మంట ఒకటి. పొద్దు వాలేదాకా ఏడ్చి, ముక్కు చీది, మేకలకు గడ్డి వేసి ఆలోచనలో పడింది.

సోమవారం సభలో ఫిర్యాది కోటాధికారే, న్యాయాధిపతీ కోటాధికారే. ఆయన చేతిలో లేనిది ఒక్కటే: ఏది ఆచారమో, ఏది కాదో ఊరి పెద్దలు ప్రమాణం చేసి చెప్పాలి. వాళ్ళలో పండుముసలి బెరాంజే.

"బెరాంజే మామా, మూడేళ్ళు నీళ్ళు చరిచానా లేదా?" అని ఒడెలీనే అడిగింది.

"చరిచావమ్మా. కళ్ళారా చూశాం. ఆచారమే." ముసలాయన తల దించుకున్నాడు.

పాయెన్ మొహం వెలిగిపోయింది.

"మరి ఆ మూడేళ్ళూ గట్టున లాంతరు పట్టుకున్నదెవరు మామా? నాకు చెయ్యందించిందెవరు?"

సభ సభంతా కోటాధికారి వైపు తిరిగింది. బెరాంజే దించిన తల ఎత్తాడు.

"దొరగారే. అదీ చూశాం. అదీ ఆచారమే."

గోషేకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడుసార్లకు ఆచారం కాదంటే, ఆ లెక్క మీదే గుంజుతున్న పదకొండూళ్ళ కోళ్ళూ గుడ్లూ, కట్టెలూ, వెట్టి చాకిరీ అన్నీ గోవిందా. "రెండూ ఆచారాలే" అని తన మీద తనే తీర్పు చెప్పుకున్నాడు. అంత నిష్పక్షపాతమైన తీర్పు ఆయన జన్మలో మరొకటి చెప్పలేదు.

నాలుగు రోజులు తుంపర్లో ఆమె వాచిన కీళ్ళతోనే నీళ్ళు చరిచింది, ఆయన లాంతరు పట్టాడు. ఐదో రోజు దగ్గు పట్టుకున్న కోటాధికారి చాటింపు వేయించాడు: "దొరవారి దయవల్ల ఈ ఏడు కప్పలు అరవడానికి అనుమతి ఇవ్వడమైనది." కప్పలు ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాయి.

ఊడిగం మూడేళ్ళు ఆగితే ఆచారం పోతుంది, దాంతో ఇల్లూ పోతుందని పాయెన్ లోలోపల వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. ఒడెలీన్ అంతకు ముందే మడిచింది. ప్రతి వసంతంలోనూ ఒకనాటి సాయంత్రం కోట తలుపు తట్టి "దొరగారూ, లాంతరు!" అని కేకేసేది. నీళ్ళను సరిగ్గా మూడు దెబ్బలు కొట్టి చెయ్యి చాపేది.

డెబ్భై ఎనిమిదో ఏట ఆఖరిసారి వచ్చింది, మనవరాలి భుజం పట్టుకుని. అప్పటికి గోషే చేతిలో లాంతరు వణుకుతోంది.

"పైయేడాది నుంచి ఇది వస్తుంది దొరగారూ, మీ అబ్బాయికి కూడా లాంతరు పట్టడం నేర్పించుకోండి," అని, గట్టెక్కడానికి చెయ్యి చాపింది. "ఊఁ, పట్టుకోండి. ఆచారం."