నీళ్లలో కట్టుకునే హాకీ గడియారం

మా మేనమామ బొంబాయి నుంచి ఆ గడియారం తెచ్చేనాటికి ఎమ్మిగనూరులో మా వీధి కొళాయికి నీళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. అలాంటి ఊరికి, సముద్రంలో మునిగేవాళ్లు కట్టుకునే గడియారం! బిందెలు మోసి నడుం పడిపోయిన మా అమ్మ దాన్ని చూసి, "ఇది కట్టుకోని మునిగేకి ఈడ బాయిలో మోకాల్లోతు నీళ్లు గూడా ల్యావు కదప్పా" అంది తమ్ముడితో.

దేశంలో హాకీకి స్వర్ణోత్సవమని ఏదో కంపెనీ కొన్నే కొన్ని చేసి ఆపేసిందట. ముళ్ల వెనక రెండు హాకీ కర్రల బొమ్మ, అడుగున ఒక నంబరు. మామ రైల్వేలో ఉద్యోగి, వాళ్ల జట్టులో ఆడేవాడు. చిన్నప్పుడు ఆదోనిలో ఆయనా మా నాన్నా ఒకే జట్టు. ఇద్దరిలో నాన్నే మేటి అని మామే ఒప్పుకునేవాడు. మా తాత పోవడంతో నూలుకు రంగు వేసే తొట్టి పని నాన్న నెత్తిన పడింది, ఆట అక్కడితో సరి.

"నాకు ఆట ఉండాది. నీకు ఇదన్నా ఉండనీ బావా" అని మామ దాన్ని నాన్న చేతికి కట్టాడు. నాన్న చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం అదివరకెప్పుడూ చూడలేదు నేను. చూసి నాకే దుఃఖం వచ్చింది.

మాది నూలుకు రంగులు వేసే ఇల్లు. నేతవాళ్లు ఇచ్చిన నూలు చిలపల్ని, అంటే కట్టల్ని, తొట్టిలో కాగే రంగునీళ్లలో ముంచాలి, కర్రలతో తిప్పాలి, పిండి ఆరేయాలి. ఆ నీళ్లు కూడా బండి మీద తెచ్చుకోవలసిందే. నాన్న ముంచేవాడు, అమ్మా నేనూ పిండేవాళ్లం. ఇంత చేసినా మర్నాటికి మళ్లీ అంత నూలు వచ్చి పడేది. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా రెక్కలు లాగుతాయి.

మర్నాడే నాన్న గడియారంతోనే తొట్టిలో చేతులు పెట్టాడు. అమ్మ కేక వేసింది.

"తీసి గూట్లో పెట్టు. పాడయితాది."

"నీళ్లకనే సేసినారు లేవే."

నూలు తెచ్చిన నేతవాళ్లు ఊరుకుంటారా? "ఏమన్నా, ఈ పొద్దు సేపలేమన్నా పడినాయా?" అని ఆట పట్టించేవాళ్లు. నాన్న నవ్వి, చెయ్యి తుడుచుకుని, వాళ్లకు హాకీ కర్రల బొమ్మ చూపించేవాడు. రోజూ చూసేవాళ్లకే రోజూ చూపించేవాడు.

ఆ ఎండాకాలంలోనే అద్దం లోపల ఆవిరి పట్టింది. తర్వాత నీలం రంగు కొంచెం కొంచెంగా ఎక్కి, బొమ్మ మాసిపోయింది. ఒకరోజు ముళ్లు ఆగిపోయాయి. నాన్నతో పాటు నేనూ బస్సెక్కి ఆదోని వెళ్లాను. గడియారాలు బాగుచేసే ఆయన మూత విప్పి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

"సముద్రం నీళ్లకైతే తట్టుకుంటాదన్నా. సోడా ఏసి కాంచిన నీళ్లకు లోపలి రబ్బరు యాడ నిలుస్తాది? ఇంగ కాదు. ఇట్లాంటిది మళ్లా దొరికేది గూడా కాదు."

"ఆ నీళ్లకు నిలవదని ముందే తెల్సులేన్నా" అన్నాడు నాన్న. దాన్ని అట్లాగే చేతికి కట్టుకుని బయటికి వచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తెలియక చేశాడని జాలిపడ్డాను కదా! బస్సులో కూర్చున్నాక ఉండబట్టలేక అడిగేశాను. "తెల్సి తెల్సి ఎందుకు ముంచినావు నాయనా? గూట్లో పెట్టింటే బాగుండేది కదా!"

నాన్న నా మీద కోప్పడలేదు. సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"లేస్తే తొట్టి, పండుకునేదాకా తొట్టి. ఆడ తీసిపెడితే, ఇంగ కట్టుకునేది ఎప్పుడు మ్మా?"