గేదె పాలు, ఎర్ర బిళ్ళలు, చల్లపల్లి ఖోఖో

మా చిన్నప్పుడు... బడి గ్రౌండులో ఖోఖో ఆడుతూ ఆడుతూ ఉన్నపళంగా కూలబడ్డాను. కళ్ళ ముందు చీకట్లు... చెవుల్లో హోరు. తేరుకునేసరికి మొహం నిండా నీళ్ళు, చుట్టూ తోటి అమ్మాయిలు.

అప్పటికి నాది ఎనిమిదో తరగతి. ఊడ్పులు జరుగుతున్న రోజులు. కోతల వేళకి చల్లపల్లిలో పోటీలు. మా బడిలో నాలా తప్పించుకుని పరిగెత్తే పిల్ల ఇంకొకతి లేదు... ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

"నీ ఆట బాగుంటుందమ్మా, కాదన్ను. కానీ ఇట్టా పడిపోయే పిల్లని పోటీకి ఎట్టా తీసుకెళ్ళను? అప్పటికి ఒంట్లో సత్తువ రాకపోతే నీ బదులు ఇంకొకళ్ళని పెట్టేస్తా" అన్నారు డ్రిల్లు మాస్టారు.

కాలవ గట్టు పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడే మా నాయనమ్మ నన్ను బస్సెక్కించి ఉయ్యూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తం తీసి చూసి, "బాగా తక్కువుంది. రోజూ ఈ బిళ్ళ వెయ్యండి" అని ఎర్రటి ఐరన్ బిళ్ళలు రాసింది ఆవిడ.

మా నాయనమ్మకి బిళ్ళల మీద నమ్మకం తక్కువ, మా గేదె మీద నమ్మకం ఎక్కువ. అయినా డాక్టరమ్మ మాట కాదనలేక రోజూ పొద్దున్నే బిళ్ళ చేతిలో పెట్టేది... దాంతోపాటు ఇత్తడి గ్లాసు నిండా మీగడ కట్టిన చిక్కటి పాలు. "ఉత్త నీళ్ళతో మింగితే ఏం ఒంటబడుద్దే? పాలతో మింగు!" అనేది, మింగానో లేదో నోరు తెరిపించి మరీ చూసేది. ఆ పాలు తాగి మూతి తుడుచుకుంటే చాలు, నాకు అప్పుడే బలం వచ్చేసినట్టుండేది.

వారాలు గడిచాయి... నాట్లు వేసిన చేలన్నీ పచ్చబడ్డాయి. నేను మాత్రం తెల్లగా పాలిపోయి అలాగే ఉన్నాను. రెండు రౌండ్లు పరిగెత్తితే ఆయాసం. మాస్టారు నా బదులు ఇంకో అమ్మాయిని దింపి చూడటం మొదలుపెట్టారు. ఆ పిల్ల పరిగెడుతుంటే గట్టున కూర్చుని చూడటం... అబ్బ, ఆ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

మళ్ళీ ఉయ్యూరు. మళ్ళీ రక్తం. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"బిళ్ళలు వేస్తున్నారా మామ్మగారూ?"

"ఒక్కపూట మానలేదండీ! అదీ చిక్కటి గేదె పాలతో!" అంది నాయనమ్మ గొప్పగా.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అయ్యో మామ్మగారూ! పాలు మంచివే, కానీ బిళ్ళతోపాటు ఇస్తే అందులో ఉన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వవండీ. మధ్యాహ్నం అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్ళతో వెయ్యండి. పాలు రాత్రికి ఇవ్వండి. టీ కూడా దగ్గరికి రానివ్వకండి."

బస్సులో దారి పొడుగునా నాయనమ్మ గొణుగుతూనే ఉంది. "పాలకి వంక పెట్టిన మనిషిని ఇదే చూడటం!" అయినా మర్నాటి నుంచి మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి నిమ్మకాయ నీళ్ళ సీసాతో బడి గేటు దగ్గర ప్రత్యక్షం. మునగాకు కూర, నువ్వులుండలు సరేసరి... వాటిని ఎవరూ వద్దనలేదుగా!

మధ్యలో ఒకరోజు నేను నల్లగా దొడ్డికి వెళ్ళానని చెప్తే పేగులు మాడిపోయాయని గోల గోల చేసింది. ఆ బిళ్ళలకి అది మామూలేనని డాక్టరమ్మ చెప్పాకగానీ ఊరుకోలేదు.

నెమ్మదిగా, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. పెదాలకి రంగొచ్చింది. ఓ సాయంత్రం ప్రాక్టీసులో ఎవరికీ చిక్కకుండా ఆట అయ్యేదాకా పరిగెత్తాను. జట్టు పేర్లు చదివేటప్పుడు మాస్టారు ముందు నా పేరే చదివారు.

ఇక చల్లపల్లి... ఫైనల్. ఆఖరి నిమిషాలు. మా వైపు నేనొక్కదాన్నే మిగిలాను. దొరికితే స్కోరు సమం, దొరక్కపోతే కప్పు మాది. రెండు స్తంభాల మధ్య ఎన్ని మెలికలు తిరిగానో నాకే తెలీదు. పాత భయం... కళ్ళకి చీకట్లు కమ్ముతాయేమోనని. కమ్మలేదు! గుండె దడదడలాడుతోంది కానీ కాళ్ళు నా మాట వింటున్నాయి. వెనక వేళ్ళు నా జడ చివర దాకా వచ్చాయి... విజిల్!

గెలిచాం! ఏనాడూ ఆటల గ్రౌండు తొక్కని మా నాయనమ్మ, కొంగు నడుముకి దోపుకుని గీత దాటి లోపలికొచ్చేసింది. "అది నా మనవరాలండీ!" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది.

ఆ ఊపులో డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, "మా అబ్బాయికి కూడా ఆ బిళ్ళలు రాయండమ్మా" అని అడిగింది. మా నాన్నేమో వడ్ల బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి! డాక్టరమ్మ నవ్వి, "ఆయనకేం తక్కువైందని? తడి ఉన్న చేలో మళ్ళీ నీళ్ళు పెడతారా మామ్మగారూ?" అంది. వ్యవసాయం ఇంటి మనిషి కదా, నాయనమ్మకి ఠక్కున అర్థమైపోయింది.

ఇప్పుడు విజయవాడలో మా ఆఫీసులో ఏ టేబుల్ చూసినా విటమిన్ డబ్బాలే... గమ్మీలట, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే బిళ్ళలట. "నిజంగా పనిచేస్తాయా?" అని నన్ను అడుగుతుంటారు. తక్కువైనవాళ్ళకి బంగారంలా పనిచేస్తాయి, దానికి నేనే సాక్ష్యం. ముందు రక్తం చూపించుకోండి, డాక్టరుని అడిగి వేసుకోండి అంటాను. తక్కువ లేకపోతే ఆ డబ్బుతో మునగాకు కొనుక్కోండి అంటాను.

అన్నీ ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి... బిళ్ళ మింగామో లేదో నోరు తెరిపించి చూసే మనిషే రావడం లేదు.

మీ ఇంట్లో ఎవరు మింగించేవాళ్ళండీ? దేంతో?