పడవ చుట్టూ లేని తెలుపు

విశాఖలో వెబ్ పేజీలు తయారు చేయడం నేర్చుకునే రోజుల్లో, సముద్రపు వేట చేసే ఇంటి నుంచి వచ్చిన నా స్నేహితుడు వాళ్ల పడవ బొమ్మ గీసి పేజీలో పెట్టాడు. పేజీ నీలం రంగు మీద అది తేలుతున్నట్టే ఉండేది. నేను గీసిన ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ మాత్రం తెల్ల డబ్బా. అందరూ వాడి మానిటర్ దగ్గరే మూగేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

వాడు టీకి వెళ్లినప్పుడు దొంగచాటుగా ఫైల్ పేరు చూశాను. చివర జిఫ్ అని ఉంది, బొమ్మని దాచే పద్ధతి అది. వాణ్ణి అడగడం నామోషీ అనిపించి, నావన్నీ జిఫ్‌లోకి మార్చేశాను, నాన్న ప్లాంటు నుంచి తెచ్చిన కరిగిన ఉక్కు ఫొటోతో సహా. తెల్ల డబ్బా కదల్లేదు. పైగా ఫొటోలో ఎరుపంతా మచ్చలు పడింది.

వాడొచ్చి చూశాడు, నవ్వలేదు. "జిఫ్‌లో రంగులు కొన్నే పడతాయి బావా, ఫొటోని జేపెగ్‌లోనే ఉంచు. బొమ్మకైతే ఎనక తెలుపు తీసేసి జిఫ్ సెయ్యాల. నన్నడిగితే సెప్పనా ఏటి?"

ఆ కిటుకు చెప్పకుండా దాచుకుని ఉంటే వాణ్ణి హాయిగా తిట్టుకునేవాణ్ణి. అదీ మిగల్చలేదు.