ఆకు పేరు చెప్పని మా అమ్మ

మా తమ్ముడి కూతురు ఆరో తరగతి చదువుతోంది. ఈ ఏడు వానలు కాస్త తెరిపి ఇవ్వగానే వాళ్ల సైన్స్ టీచర్ ఒక పని అప్పగించింది. ఇంటి చుట్టుపక్కల ఎవరూ నాటకుండా మొలిచే మొక్కలు పది వెతికి, కాగితాల మధ్య ఎండబెట్టి, చార్టు మీద అతికించాలి. ఒక్కో మొక్క పక్కన మూడు గడులు: ఇంట్లో పిలిచే పేరు, ఇంగ్లీషు పేరు, ఉపయోగం.

ఆ పని నాకే అప్పగించినట్టు సంబరపడ్డాను. సూరత్‌లో మగ్గాల పనివాళ్ల పిల్లలకు తెలుగులో పాఠాలు చెబుతూ ఇరవై ఏళ్లకు పైగా గడిపినవాణ్ణి. చూడకుండా, పరీక్షించకుండా దేన్నీ నమ్మొద్దని క్లాసులోనూ సభల్లోనూ గొంతు చించుకున్నవాణ్ణి. మూఢనమ్మకాల మీద ఎవరు చర్చకు పిలిచినా వెళ్లాను. ఓడిపోయి వచ్చిన గుర్తు పెద్దగా లేదు. అయితే మొక్కల పేర్ల దగ్గరికి వస్తే నేను సున్నా. అవి తెలిసింది మా అమ్మకు.

మా అమ్మ కామెర్లకు పసరు పోసేది. ఊళ్లో ఉన్నప్పుడూ పోసింది, ఇక్కడికి వచ్చాక మా గల్లీలోనూ పోసింది. తెల్లవారగానే ఎవరూ చూడకుండా వెళ్లి ఆకు తెచ్చేది. నూరి, పాలలో కలిపి, పరగడుపున తాగించేది. తొమ్మిది రోజులు పథ్యం. ఆ ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పదు. పేరు బయటపెడితే మందు చచ్చిపోతుందని నమ్మకం. మా అమ్మమ్మ ఆ పేరు అమ్మ చెవిలో చెప్పిన రోజే తాను పసరు పోయడం మానేసిందట.

ఇంతకన్నా పకడ్బందీ మోసం మనిషి కనిపెట్టలేదని ఇప్పటికీ అంటాను. మా అమ్మ మోసగత్తె కాదు, ఆ ఆచారం మోసం. పేరు దాచిన చోట ప్రశ్న పుట్టదు. ప్రశ్న పుట్టని చోట పరీక్ష ఉండదు. కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గనివాళ్లు పథ్యం తప్పారంటారు.

ఏడేళ్ల కిందట నా తమ్ముడికి కళ్లు పచ్చబడ్డాయి. ఇక్కడే సూరత్‌లో, పాండేసరలో రంగుల మిల్లులో పనిచేసేవాడు. నేను ఆ వారం కరీంనగర్‌లో ఉన్నాను, యువకులకు హేతువాదం మీద తరగతులు చెప్పడానికి. రెండో రోజు మరదలు ఫోన్ చేసి, అత్తమ్మ పసరు మొదలుపెట్టిందని చెప్పింది. అమ్మకు ఇవ్వమన్నాను. అరగంట మాట్లాడాను. తొమ్మిదో రోజు వాడికి మాట తడబడితే అప్పుడు దవాఖానకు తీసుకెళ్లారు. పదకొండో రోజు పోయాడు. పాప అప్పటికి నాలుగేళ్లది.

నెల తిరగకముందే ఒక చిన్న పత్రికకు వ్యాసం రాశాను. పేరు లేని ఆకు ఒకటి నా తమ్ముణ్ణి మింగిందని అందులో మొదటి వాక్యం. చాలామంది మెచ్చుకుంటూ ఫోన్లు చేశారు. అమ్మకు చదువు రాదు. గల్లీలో ఎవరో చదివి వినిపించారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎవరికీ పసరు పోయలేదు. వచ్చినవాళ్లను దవాఖానకు పొమ్మని వాకిట్లోంచే పంపేసేది. అది నా గెలుపని చాలాకాలం అనుకున్నాను. నాతో మాత్రం తిన్నవా, నల్లా వచ్చింది, ఇంతే.

మొక్కల కోసం ఆదివారం పొద్దున ఖాడీ గట్టుకు బయలుదేరాం. ఖాడీ అంటే మా వాడ వెనక పారే మురికి కాలువ. పాప వాళ్ల బాపమ్మ చెయ్యి పట్టుకుని గుంజుకొచ్చింది.

"బాపమ్మా, జల్దీ రా. ధూప్ ఎక్కుతది."

"ఎండ ఎక్కితె ఎక్కనీ. నీతోని ఉరుకనీకి నాకేమన్న పదేండ్లా?"

పాప మొక్క చూపించడం, అమ్మ పేరు చెప్పడం, పాప ఫోన్లో ఫొటో తీసి ఇంగ్లీషు పేరు వెతకడం. గడ్డిచేమంతి, తుమ్మి, పల్లేరు, కుప్పింట, గునుగు. అమ్మ ఆగకుండా చెబుతోంది. నేను వెనకాల నడుస్తున్నాను. ఆమె నోట ఒక ఆకు పేరు విని ఏడేళ్లయింది.

ఉత్తరేణి గింజలు అమ్మ చీర అంచుకు అంటుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే పీకుతూ పాపతో అంది: "గిది పిలువకున్నా ఎంబడి వస్తది. మీ పెద్దబాపు లెక్క."

పాప పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నన్ను ఎత్తిపొడిచినా చాలు, నా గురించి మాట్లాడింది.

"ఇది?"

"వయ్యారిభామ."

"అరే, పేరు మస్తున్నది! ఉపయోగం?"

"దురద."

పాప నోటుబుక్కులో నిజంగానే దురద అని రాసుకుంది.

తొమ్మిది దొరికాయి. పదోది కూలిన ప్రహరీ పక్కన, ఇటుకల సందులో. జానెడు మొక్క, రెండు వరుసల సన్నటి ఆకులు. ఫోను దాన్ని అత్తిపత్తి అంది.

"నమ్మకు," అన్నాను. "ముట్టుకొని చూడు. అత్తిపత్తైతే ముడుచుకోవాలి."

పాప వేలితో తాకింది. ఆకు కదల్లేదు. "ఫోన్ ఝూట్ చెప్పింది!" అని గెంతింది. నాకు ఛాతీ పొంగింది.

"మరి ఇదేంది బాపమ్మా?"

అమ్మ ఖాడీ వైపు చూస్తోంది. "నాకెరుక లేదు."

మొక్క వైపు కన్నెత్తి చూడకుండానే చెప్పిన జవాబది. అక్కడ నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. సభలో మాట్లాడే గొంతు దానంతటదే వచ్చేసింది. "ఇన్నేండ్లయినా ఇంక దాస్తవా అమ్మా? పేరు చెప్తే ఏం మునిగిపోతది?"

ఆమె నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చుంది. కొమ్మను పట్టుకుని వెనక్కి తిప్పింది. ఆకుల కింద, వరుసగా, ఆవగింజకన్నా కొంచెం పెద్దవి, పచ్చటి గుండ్రటి కాయలు.

"మీదికెళ్లి చూస్తె అన్నీ ఒక్క తీరే కొడ్తయి బిడ్డా. తిప్పి చూడాలె. దీనికి కాయలు కిందుంటయి. నేల ఉసిరి."

పాప రాసుకుంది. రాస్తూ, తల ఎత్తకుండా అడిగింది: "మా బాపుకు పోసింది ఇదేనా?"

గల్లీలో విన్నదో, నా వ్యాసమే చూసిందో నాకు తెలియదు.

"ఇదే," అంది అమ్మ.

నేను కల్పించుకున్నాను. ఆకు విషం కాదనీ, ఆలస్యమే ప్రాణం తీసిందనీ పాపకు వివరించబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"గా దినం ఫోన్ల అరగంట మాట్లాడినవ్. అంత ఇన్న. రుజువన్నవ్, మోసమన్నవ్, నన్ను మూర్ఖురాలన్నవ్. అననీ అనుకున్న. దవాఖానకు తీస్కపో అంటవని సూసిన. ఇంటికి పెద్దోనివి, సదువుకున్నోనివి. ఒక్క మాటంటే అప్పుడే తీస్కపోదును. నువ్వనలేదు."

అన్నాననే ఏడేళ్లుగా నా నమ్మకం. అనకుండా ఎలా ఉంటాను? కానీ నమ్మకం రుజువు కాదని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఇంటికి రాగానే మరదల్ని అడిగాను. ఆ రోజు ఫోనుకు సాక్షి ఆమె ఒక్కతే. కూలికి తెచ్చిన చీర మీద మెరుపు రాళ్లు అతికిస్తూ కూర్చుంది. చేతిలో రాయి డబ్బాలో పెట్టేసింది.

"అనలేదు బావా," అంది. "అత్తమ్మ ఫోన్ పెట్టేసి, తిట్టిండు గని ఏం జెయ్యాల్నో చెప్పలేదు అన్నది. నేను పక్కనే ఉన్న."

చార్టులో ఉపయోగం గడి దగ్గర పాప కలం పట్టుకుని నాకోసం ఎదురుచూస్తోంది. చెప్పాను, రాసింది: కామెర్లకు వాడతారు. తగ్గిస్తుందని గట్టి రుజువు లేదు. కళ్లు పచ్చబడితే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. గడి చాలక చివరి మాటలు చీమల్లాంటి అక్షరాలతో ఇరికించింది. ప్రతి మాటకూ ఇప్పటికీ కట్టుబడి ఉంటాను. ఆ మూడో వాక్యం చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. నాకు అరగంట దొరికింది. ఆ అరగంటలో నేను అమ్మను ఓడిస్తున్నాను.

సాయంత్రం పాత పత్రిక వెతికి తీసి అమ్మ పక్కన కూర్చున్నాను. ఎవరో కాదు, నేనే చదివి వినిపించాలనిపించింది. చివరిదాకా చదివాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.

"మంచిగనే రాసినవ్," అంది. "గని వాడేడి దాంట్ల?"

నాకు అర్థం కాలేదు. పత్రిక మళ్లీ తిరగేశాను. ఆకు ఉంది, అమ్మ ఉంది, అజ్ఞానం ఉంది, నేను అడుగడుగునా ఉన్నాను. తమ్ముడు మొదటి వాక్యంలో చనిపోతాడు. ఆ తర్వాత ఎక్కడా లేడు.

"ఏం రాయాలె అమ్మా?"

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. చెప్పసాగింది. పథ్యంలో ఉప్పూ పులుపూ తగలకూడదు. వాడికి చప్పటి పాలబువ్వ ఎక్కలేదు. ఏడో రోజు మధ్యాహ్నం పచ్చిపులుసు అడిగాడట. జరంత, నాలికకు రాసుకుంట, అన్నాడట. ఇంకా రెండే రోజులు బిడ్డా అని అమ్మ పెట్టలేదట. వాడు సరేనని గోడ వైపు తిరిగి పడుకున్నాడట.

ఇంకోసారి అడగలేదట.